రీస్టార్ట్ చేస్తే నెట్‌వర్క్ సెట్టింగ్‌లు మళ్లీ మొదటికే: లోపం ఎక్కడుంటుంది?

కంప్యూటర్‌కు చేత్తో ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇస్తారు, డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చే సేవ) మారుస్తారు, ప్రింటర్ దొరుకుతుంది, ఫైల్ షేరింగ్ సవ్యంగా నడుస్తుంది. ఒక్కసారి రీస్టార్ట్ చేసేసరికి కథ మళ్లీ మొదటికొస్తుంది. అడ్రస్ మారిపోయి ఉంటుంది, లేదా డీఎన్‌ఎస్ పాతదే కనిపిస్తుంది, లేదా నిన్న కనిపించిన పక్క కంప్యూటర్ ఇవాళ కనిపించదు. అవే సెట్టింగ్‌లు మళ్లీ ఇస్తే మళ్లీ పనిచేస్తాయి, మళ్లీ రీస్టార్ట్‌తో పోతాయి. ఇంటి నెట్‌వర్క్‌లో ఇంతగా విసిగించే సమస్యలు తక్కువే. పైకి ఒకే లక్షణంలా కనిపించినా దీని వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని కారణాలు అరడజను దాకా ఉంటాయి. అందుకే ఒకరికి పనిచేసిన చిట్కా మరొకరికి పనిచేయదు.

క్లుప్తంగా

కంప్యూటర్ దానంతటది సెట్టింగ్‌ను మరిచిపోవడం అరుదు. ఎక్కువ సందర్భాల్లో జరిగేది మూడింటిలో ఒకటి: సెట్టింగ్ డిస్క్ మీద నిలిచే చోట అసలు పడలేదు, పడింది గానీ బూట్ సమయంలో మరో ప్రోగ్రామ్ దాన్ని తిరగరాసింది, లేదా సెట్టింగ్ భద్రంగానే ఉంది, కంప్యూటర్ ఇప్పుడు వాడుతున్న అడాప్టర్ (నెట్‌వర్క్‌కు కలిపే కార్డు లేదా డాంగిల్) లేదా నెట్‌వర్క్ వేరు. వీటికి తోడు రౌటర్ వైపు జరిగే మార్పులు కంప్యూటర్ తప్పుల్లా కనిపిస్తాయి. ఏది జరుగుతోందో తేల్చకుండా అన్నీ రీసెట్ చేస్తే ఆధారాలు కూడా పోతాయి.

బూట్ సమయంలో ఎవరెవరు రాస్తారు

కంప్యూటర్ ఆన్ అయినప్పుడు నెట్‌వర్క్ ఒక్క అడుగులో సిద్ధం కాదు. మొదట మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ నెట్‌వర్క్ కార్డు ఉందా లేదా అన్నది చెబుతుంది. తర్వాత డ్రైవర్ లోడ్ అవుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ అడాప్టర్‌ను గుర్తుపట్టి, దాని పేరిట దాచిన సెట్టింగ్‌లను వెతికి అమలు చేస్తుంది. చేత్తో ఇచ్చిన అడ్రస్ లేకపోతే డీహెచ్‌సీపీ (అడ్రస్‌లను ఆటోమేటిక్‌గా పంచే పద్ధతి) ద్వారా రౌటర్‌ను అడుగుతుంది. ఆ తర్వాత ‘ఇది ఏ నెట్‌వర్క్’ అని తేల్చే సర్వీసు వస్తుంది. చివరికి యూజర్ లాగిన్ అయ్యాక వీపీఎన్ (ఇంటర్నెట్ రాకపోకలను మరో సర్వర్ మీదుగా గుప్తంగా పంపే ప్రోగ్రామ్), యాంటీవైరస్, కార్డు తయారీదారు ఇచ్చిన యుటిలిటీ వంటివి తమ వంతు మార్పులు చేస్తాయి. ఈ వరుసలో చివర రాసినవారి మాటే నెగ్గుతుంది.

డీహెచ్‌సీపీ వైపు ఒక విషయం గమనించదగ్గది. 1997 మార్చిలో వచ్చిన డీహెచ్‌సీపీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2131 ప్రకారం, లీజు (అడ్రస్ వాడుకోవడానికి రౌటర్ ఇచ్చిన గడువు) ఇంకా మిగిలి ఉన్న కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక కొత్త అడ్రస్ అడగదు. పాతదాన్నే మళ్లీ వాడుకోవచ్చా అని అడుగుతుంది. రౌటర్ సరేనంటే అదే అడ్రస్, కాదంటే మళ్లీ మొదటి నుంచి. కాబట్టి ఆటోమేటిక్ పద్ధతిలో ఉన్నా సాధారణంగా అడ్రస్ రోజూ మారదు. ప్రతి రీస్టార్ట్‌కూ మారుతోందంటే, రౌటర్ తన లీజు జాబితాను పోగొట్టుకుంటోందన్నా అనుకోవాలి, కంప్యూటర్ ప్రతిసారీ కొత్త ముఖంతో వెళ్తోందన్నా అనుకోవాలి. రెండోది ఎలా జరుగుతుందో కిందికి వస్తుంది.

రౌటర్ నుంచి అసలు జవాబే రాకపోతే విండోస్, మ్యాక్ వంటి సిస్టమ్‌లు 169.254తో మొదలయ్యే అడ్రస్‌ను తమకు తామే పెట్టుకుంటాయి. రీస్టార్ట్ తర్వాత ఈ అంకెలు కనిపిస్తే సెట్టింగ్ పోయిందని కంగారు పడనక్కర్లేదు. చాలాసార్లు, అడిగినప్పుడు ఎవరూ పలకలేదని అర్థం. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇది తరచూ జరుగుతుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్ కొన్ని సెకన్లలో లేచి కూర్చుంటుంది, రౌటర్‌కు నిమిషం, రెండు నిమిషాలు పడుతుంది.

డిస్క్ మీద పడని సెట్టింగ్

నడుస్తున్న సిస్టమ్‌లో ఉన్న సెట్టింగ్ వేరు, డిస్క్ మీద దాచిన సెట్టింగ్ వేరు. మొదటిది మెమరీలో ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే దాని ఆయుష్షు, నీటి మీద రాత లాంటిది.

లినక్స్‌లో ‘ఐపీ అడ్రస్ యాడ్’ అన్న కమాండ్‌తో ఇచ్చిన అడ్రస్ నేరుగా కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగానికి) చేరుతుంది, వెంటనే పనిచేస్తుంది. ఏ ఫైల్లోనూ నమోదు కాదు. ‘సిస్‌కంట్రోల్ డ్యాష్ డబ్ల్యూ’తో మార్చిన విలువలు, ‘ఐపీటేబుల్స్’తో చేర్చిన ఫైర్‌వాల్ నియమాలు కూడా అంతే. మ్యాక్‌లో ‘ఐఎఫ్‌కాన్ఫిగ్’తో ఇచ్చిన అడ్రస్‌దీ అదే గతి. ఇక్కడ లోపమేమీ లేదు. ప్రయోగం చేసి చూసుకోవడానికి వీలుగా ఉండాలనే ఇవి అలా తయారయ్యాయి. ఇంటర్నెట్‌లో దొరికే సూచనలు చాలావరకు ఈ కమాండ్ల దగ్గరే ఆగిపోతాయి, నిలబెట్టే రెండో అడుగు చెప్పవు.

విండోస్‌లో గ్రాఫికల్ కిటికీల్లో చేసిన మార్పులు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్‌లు దాచే చోట) పడతాయి కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘రూట్ యాడ్’తో చేర్చిన మార్గం మాత్రం రీస్టార్ట్‌తో పోతుంది, దానికి ‘డ్యాష్ పీ’ జోడిస్తేనే శాశ్వత మార్గాల జాబితాలోకి చేరుతుంది. ‘నెట్‌షెల్’ కమాండ్‌లో ‘స్టోర్’ అన్న భాగం ‘యాక్టివ్’ అని ఉంటే అది తాత్కాలికం, ‘పర్సిస్టెంట్’ అని ఉంటే శాశ్వతం. ఎక్కడో దొరికిన స్క్రిప్టును యథాతథంగా అతికించినప్పుడు ఈ ఒక్క పదం దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది.

నెట్‌వర్క్ పరికరాల్లోనూ ఈ విభజన పాతదే. ఆఫీసుల్లో వాడే స్విచ్‌లలో ‘నడుస్తున్న కాన్ఫిగరేషన్’, ‘స్టార్టప్ కాన్ఫిగరేషన్’ అని రెండు ప్రతులు ఉంటాయి. మొదటిదాన్ని రెండోదాని మీదికి కాపీ చేయకపోతే తర్వాతి బూట్‌లో మార్పులన్నీ పోతాయి. సెకండ్ హ్యాండ్‌లో అలాంటి స్విచ్ కొని ఇంట్లో పెట్టుకున్నవారికి ఇది మొదటి పాఠం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఉన్న రౌటర్లలో ‘యూసీఐ సెట్’ తర్వాత ‘కమిట్’ ఇవ్వాలి. ఇంటి రౌటర్లలో ఎక్కువ భాగం ‘అప్లై’ నొక్కగానే దాచేస్తాయి. కొన్నింటిలో అప్లై, సేవ్ వేర్వేరు బటన్లు.

తిరగరాసే చేతులు

సెట్టింగ్ సరిగానే డిస్క్ మీద పడింది, అయినా పోయింది. అప్పుడు వెతకాల్సింది రెండో చేతిని.

దీనికి పేరుమోసిన ఉదాహరణ లినక్స్‌లోని ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ ఫైలు. ఒకప్పుడు డీఎన్‌ఎస్ సర్వర్ల చిరునామాలు అందులో చేత్తో రాసేవారు, అవి అలాగే ఉండేవి. ఇప్పుడు ఎక్కువ లినక్స్ రకాల్లో (డిస్ట్రిబ్యూషన్లలో) ఆ ఫైలును నెట్‌వర్క్‌మేనేజర్ గానీ, సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ గానీ ప్రతి బూట్‌లో కొత్తగా తయారుచేస్తుంది. అందులో 127.0.0.53 అన్న అడ్రస్ కనిపిస్తే అది రిజాల్వ్‌డీ పని. అక్కడ చేత్తో ఏం రాసినా వృథా. డీఎన్‌ఎస్ విలువను ఆ ఫైలును తయారుచేసే ప్రోగ్రామ్‌కే చెప్పాలి. ఫైలును ఎవరూ మార్చకుండా ‘చాట్రిబ్యూట్ ప్లస్ ఐ’తో తాళం వేయమనే సలహా ఒకటి బాగా ప్రచారంలో ఉంది. అది పనిచేస్తుంది, నిజమే. కానీ ఏడాది తర్వాత నెట్‌వర్క్ మారినప్పుడు డీఎన్‌ఎస్ ఎందుకు కదలట్లేదో ఆ తాళం వేసినవారికే గుర్తుండదు. పైగా చాలా సిస్టమ్‌లలో ఆ పేరుతో ఉన్నది అసలు ఫైలు కాదు, వేరే చోటికి చూపించే లింకు. దాని మీద ఈ తాళం పడదు.

లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో 17.10 వెర్షన్ నుంచి నెట్‌వర్క్ సెట్టింగ్‌లు చూసుకునే నెట్‌ప్లాన్ వచ్చింది. దాని సెట్టింగ్ ఫైళ్లు (యామెల్) ఉండే ఫోల్డర్‌లో 50తో మొదలయ్యే క్లౌడ్ ఇనిట్ (బూట్ సమయంలో సెట్టింగ్‌లు పెట్టే ప్రోగ్రామ్) ఫైలు ఒకటి కనిపిస్తే దాన్ని దిద్దే ముందు పైన ఉన్న వ్యాఖ్య చదవాలి. ఇక్కడి మార్పులు రీబూట్‌కు నిలవవన్న హెచ్చరిక పలు వెర్షన్లలో అక్కడే రాసి ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఓఎస్ కథ ఇంకో రకం. 2023 అక్టోబరులో బుక్‌వార్మ్ వెర్షన్‌తో అది డీహెచ్‌సీపీసీడీ అనే ప్రోగ్రామ్ నుంచి నెట్‌వర్క్‌మేనేజర్‌కు మారింది. అంతకు ముందు రాసిన వ్యాసాలు చాలావరకు ‘డీహెచ్‌సీపీసీడీ డాట్ కాన్ఫ్’లో స్థిర అడ్రస్ రాయమని చెబుతాయి. కొత్త వెర్షన్‌లో ఆ ఫైలును చదివేవారే లేరు. రాసింది రాసినట్టే ఉంటుంది, అడ్రస్ మాత్రం మారదు. విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో కూడా డీఎన్‌ఎస్ ఫైలు ప్రతిసారీ కొత్తగా పుడుతుంది; ఆపాలంటే ‘డబ్ల్యూఎస్‌ఎల్ డాట్ కాన్ఫ్’లో ఆ పనిని నిలిపేయాలి.

విండోస్‌లో తేల్చుకోవడం ఒక రకంగా సులువు. రిజిస్ట్రీలో ప్రతి అడాప్టర్‌కూ రెండు వేర్వేరు విలువలు ఉంటాయి: ‘నేమ్‌సర్వర్’, ‘డీహెచ్‌సీపీ నేమ్‌సర్వర్’. చేత్తో ఇచ్చిన డీఎన్‌ఎస్ మొదటిదానిలో, రౌటర్ ఇచ్చింది రెండోదానిలో పడుతుంది. మొదటిది ఖాళీగా లేనంతవరకూ అదే చెల్లుతుంది. అంటే రౌటర్ ఏం పంపినా చేత్తో ఇచ్చిన డీఎన్‌ఎస్‌ను తుడిచే దారి దానికి లేదు. రీస్టార్ట్ తర్వాత మొదటి విలువ ఖాళీ అయిందంటే ఈ కంప్యూటర్‌లోనే ఏదో ప్రోగ్రామ్ దాన్ని ఖాళీ చేసింది. అనుమానించాల్సిన వరుసలో ముందుండేది వీపీఎన్ సాఫ్ట్‌వేర్. కనెక్ట్ అయినప్పుడు అది డీఎన్‌ఎస్ మార్చి, డిస్‌కనెక్ట్ అయినప్పుడు పాతది పెడుతుంది. మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే, తర్వాతి బూట్‌లో తన దగ్గరున్న ‘పాత’ విలువను తెచ్చి పెడుతుంది. ఆ పాతది ఎప్పటిదో దానికే తెలియాలి. వెబ్ రక్షణ ఇచ్చే యాంటీవైరస్‌లు, పిల్లల ఇంటర్నెట్ వాడకాన్ని నియంత్రించే ప్రోగ్రామ్‌లు తర్వాతి అనుమానితులు.

ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌ను ఇంట్లో వాడుతుంటే లెక్క వేరు. గ్రూప్ పాలసీ (ఆఫీసు సర్వర్ నుంచి వచ్చే నియమాలు) బూట్ సమయంలో ఒకసారి, ఆ తర్వాత మామూలుగా 90 నిమిషాలకు 0 నుంచి 30 నిమిషాల తేడా కలిపి మళ్లీ మళ్లీ అమలవుతుంది. ప్రాక్సీ (వెబ్ రాకపోకలు సాగే మధ్యవర్తి సర్వర్), ఫైర్‌వాల్ వంటివి పాలసీ నుంచి వస్తుంటే ఇంట్లో ఎంత మార్చినా నిలవవు. దానితో కుస్తీ పట్టడం కంటే ఆఫీసు ఐటీ విభాగాన్ని అడగడమే మేలు.

ప్రతి రీస్టార్ట్‌కూ తెలియని డీఎన్‌ఎస్ అడ్రస్ గానీ, తెలియని ప్రాక్సీ గానీ తిరిగి వచ్చి కూర్చుంటే దాన్ని మామూలు లోపంగా తీసుకోకూడదు. డీఎన్‌ఎస్‌ఛేంజర్ అనే మాల్వేర్ చేసింది ఇదే. కంప్యూటర్ల డీఎన్‌ఎస్‌ను నేరగాళ్ల సర్వర్లకు మళ్లించింది, పాస్‌వర్డ్ మార్చని రౌటర్ల సెట్టింగ్‌లనూ మార్చగలిగింది. 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ముఠాను పట్టుకునేనాటికి సుమారు 40 లక్షల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. సర్వర్లను ఒక్కసారిగా ఆపేస్తే అవన్నీ ఇంటర్నెట్ కోల్పోతాయి కాబట్టి వాటి స్థానంలో శుభ్రమైన సర్వర్లు పెట్టి 2012 జులై 9 వరకూ నడిపారు.

సెట్టింగ్ ఉంది, అడాప్టర్ వేరు

విండోస్ స్థిర అడ్రస్‌ను ‘కంప్యూటర్’కు ఇవ్వదు, ఒక అడాప్టర్‌కు ఇస్తుంది. ఆ అడాప్టర్‌కు లోపల ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. యూఎస్‌బీ వైఫై డాంగిల్‌ను ఒక పోర్టు నుంచి తీసి మరో పోర్టులో పెడితే, ఆ పరికరంలో సీరియల్ నంబరు లేని పక్షంలో, విండోస్ దాన్ని కొత్త వస్తువుగా చూస్తుంది. ‘ఈథర్‌నెట్ 3’, ‘వైఫై 4’ అంటూ అంకెలు పెరుగుతూ పోతుంటే జరుగుతున్నది ఇదే. పాత సెట్టింగ్ పాత అడాప్టర్ పేరిట చెక్కుచెదరకుండా ఉంటుంది. కొత్తదానికి అదే అడ్రస్ ఇవ్వబోతే, ఇది ఇప్పుడు లేని మరో అడాప్టర్‌కు కేటాయించి ఉందన్న సందేశం వస్తుంది. డివైస్ మేనేజర్‌లో దాగిన పరికరాలను చూపించమని అడిగి, మసకగా కనిపించే పాత అడాప్టర్లను తొలగిస్తే ఆ గొడవ తీరుతుంది.

నెట్‌వర్క్ గుర్తింపు దగ్గర కూడా ఇలాంటిదే జరుగుతుంది. ‘ఇది ఇల్లు, నమ్మకమైన నెట్‌వర్క్’ అని ప్రైవేట్‌గా పెట్టిన ఎంపిక, రీస్టార్ట్ తర్వాత పబ్లిక్‌గా మారి ఫైల్ షేరింగ్ ఆగిపోతుంది. విండోస్ ఒక నెట్‌వర్క్‌ను గుర్తుపట్టడానికి చూసే ఆనవాళ్లలో ముఖ్యమైనది గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే రౌటర్) మ్యాక్ అడ్రస్, అంటే పరికరానికి ఉండే హార్డ్‌వేర్ గుర్తింపు సంఖ్య; యాపిల్ మ్యాక్‌తో దీనికి సంబంధం లేదు. రౌటర్ మార్చినా, రెండు రౌటర్లలో ఈసారి రెండోది గేట్‌వే అయినా అది కొత్త నెట్‌వర్క్ కిందే లెక్క. చేత్తో అడ్రస్ ఇచ్చేటప్పుడు గేట్‌వే గడిని ఖాళీగా వదిలేస్తే ఇంకా చిక్కు: గుర్తుపట్టడానికి ఆనవాలే ఉండదు, ‘గుర్తు తెలియని నెట్‌వర్క్’ అని ప్రతిసారీ పబ్లిక్ కిందికి వెళ్తుంది.

పైన చెప్పిన ‘కొత్త ముఖం’ సంగతి ఇక్కడిదే. ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు గోప్యత కోసం ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రస్ వాడతాయి. విండోస్‌లోనూ ఆ వీలుంది, రోజుకొకటి మార్చే ఎంపిక కూడా ఉంది. రౌటర్‌లో మ్యాక్ అడ్రస్ ఆధారంగా అడ్రస్ రిజర్వ్ చేసినవారికి ఇది తెలియకపోతే రౌటర్ మాట వినడం లేదని అనిపిస్తుంది. మ్యాక్ అడ్రస్‌లో రెండో అంకె 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే అది కార్ఖానాలో ఇచ్చింది కాదు, సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నదని పోల్చుకోవచ్చు.

వర్చువల్ మెషీన్లు వాడేవారికి ఒక మాట. విండోస్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే హైపర్‌వీలో ‘డిఫాల్ట్ స్విచ్’ అడ్రస్ శ్రేణి హోస్ట్ (అసలు కంప్యూటర్) రీస్టార్ట్‌తో మారుతూ ఉంటుంది. దాని మీద స్థిర అడ్రస్ ఇచ్చి నిలవలేదనుకోవడంలో అర్థం లేదు. వేరే స్విచ్ తయారుచేసుకోవాలి.

షట్‌డౌన్ చేస్తే ఒకలా, రీస్టార్ట్ చేస్తే ఒకలా

2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చాక ఈ రెండింటికీ తేడా ఏర్పడింది. షట్‌డౌన్ చేసినప్పుడు యూజర్ ప్రోగ్రామ్‌లు మూతపడతాయి గానీ కెర్నల్, డ్రైవర్లు ఉన్న స్థితి డిస్క్ మీద దాచబడి, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే మేలుకుంటుంది. రీస్టార్ట్ మాత్రం అన్నిటినీ మొదటి నుంచి లోడ్ చేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో ‘అప్ టైమ్’ చూస్తే గుట్టు బయటపడుతుంది: రాత్రి షట్‌డౌన్ చేసిన కంప్యూటర్ పొద్దున్నే రెండు రోజులుగా నడుస్తున్నట్టు చెబుతుంది.

కొన్ని నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్లు ఇలా మేలుకున్నప్పుడు సరిగా కుదురుకోవు. అడాప్టర్ కనిపించదు, లింకు వేగం తప్పుగా ఉంటుంది, నెట్‌వర్క్ మీదుగా ఆన్ చేసే వేక్ ఆన్ లాన్ పనిచేయదు. షట్‌డౌన్ తర్వాత సమస్య వచ్చి, రీస్టార్ట్‌తో పోతుంటే కారణం దాదాపు ఇదే. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేస్తే ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది, కాబట్టి పరీక్షకు పనికొస్తుంది. ఫాస్ట్ స్టార్టప్‌ను శాశ్వతంగా ఆపేయడం వల్ల ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్లలో పెద్దగా నష్టమేమీ ఉండదు.

రౌటర్ వైపు

ఇంట్లో రౌటర్ సెట్టింగ్‌లు మారిపోతుంటే మొదట అడగాల్సిన ప్రశ్న: ఆ రౌటర్ ఎవరి చేతిలో ఉంది? ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చినదైతే అది తరచూ టీఆర్ 069 అనే పద్ధతిలో దూరం నుంచి నిర్వహించబడుతుంది. 2004లో వచ్చిన ఈ ప్రమాణం ప్రకారం రౌటర్ బూట్ అయిన ప్రతిసారీ కంపెనీ సర్వర్‌కు తానే కబురు పంపుతుంది. ఆ సంభాషణలో సర్వర్ తనకు కావలసిన విలువలను రౌటర్‌లో రాయగలదు. చేత్తో మార్చిన డీఎన్‌ఎస్, వైఫై పేరు, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఇంట్లోని ఒక పరికరానికి పంపే నియమం) వంటివి బూట్ అయిన కొద్దిసేపటికి కంపెనీ విలువలకు తిరిగి వెళ్లడానికి ఇదొక దారి. ‘రీస్టార్ట్ చేశాక ముందు సరిగానే ఉంది, కాసేపటికి పోయింది’ అనే ఫిర్యాదులో ఆ ‘కాసేపు’ అన్న మాటే కీలకం. పరిష్కారం రెండే: కంపెనీని అడగడం, లేదా వారి పెట్టె వెనుక సొంత రౌటర్ పెట్టుకోవడం.

ఆ రెండో పరిష్కారం మరో సమస్యకు తలుపు తెరవగలదు. పాత రౌటర్‌ను వైఫై విస్తరణకు వాడుతూ దాని డీహెచ్‌సీపీని ఆపడం మరిచిపోతే ఒకే నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచేవారు ఇద్దరవుతారు. కంప్యూటర్లు సాధారణంగా ముందు వచ్చిన జవాబునే పట్టుకుంటాయి. ఒక రీస్టార్ట్‌లో 192.168.1తో మొదలయ్యే అడ్రస్, మరోదానిలో 192.168.0తో మొదలయ్యేది వస్తుంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

స్థిర అడ్రస్‌ను రౌటర్ పంచే శ్రేణి లోపల ఎంచుకోవడం కూడా ఇలాంటి దోబూచులాటకే దారితీస్తుంది. కంప్యూటర్ ఆగి ఉన్నప్పుడు అదే అడ్రస్‌ను రౌటర్ ఏ ఫోన్‌కో ఇచ్చేస్తుంది. కంప్యూటర్ లేచి, తన అడ్రస్ వేరొకరి దగ్గర ఉందని గమనించి, విండోస్ అయితే దాన్ని వదిలి 169.254 అడ్రస్‌కు వెళ్తుంది. సెట్టింగ్ కిటికీలో మాత్రం చేత్తో ఇచ్చిన అంకెలే కనిపిస్తాయి.

పూర్తిగా హార్డ్‌వేర్ లోపాలు తక్కువే గానీ ఉన్నాయి: ఇరుక్కుపోయిన రీసెట్ బటన్, నీరసించిన పవర్ అడాప్టర్, పాడవుతున్న ఫ్లాష్ మెమరీ. ప్రతి రీస్టార్ట్‌కూ రౌటర్ పాస్‌వర్డ్‌తో సహా అన్నీ ఫ్యాక్టరీ స్థితికి వెళ్తుంటే ఇవే అనుమానించాలి. రౌటర్ లాగ్‌లో 1970 జనవరి 1 తేదీ కనిపిస్తే మాత్రం భయం లేదు. చాలా రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు, ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకునేదాకా అవి ఆ కాలంలోనే ఉంటాయి. వేళలను బట్టి ఇంటర్నెట్ ఆపే నియమాలు ఆ కొద్దిసేపు వింతగా ప్రవర్తించడానికి కారణం ఇదే.

రీస్టార్ట్‌కు నిలిచేది, నిలవనిది అన్న తేడా ఒక్కోసారి మేలు కూడా చేస్తుంది. 2018 మేలో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ మాల్వేర్ కనీసం 54 దేశాల్లో 5 లక్షల రౌటర్లు, నిల్వ పరికరాల్లోకి చొరబడింది. అప్పుడు రౌటర్లను రీబూట్ చేయమని ఎఫ్‌బీఐ కోరింది. ఆ మాల్వేర్ రెండో, మూడో దశలు మెమరీలోనే ఉండి రీబూట్‌తో పోయేవి. మొదటి దశ ఫ్లాష్‌లో పాతుకుని మిగిలేది కాబట్టి పూర్తిగా వదిలించుకోవడానికి ఫ్యాక్టరీ రీసెట్ కావలసి వచ్చింది.

పోయినట్టు కనిపించేవి

ఐపీ అడ్రస్‌లలో పాత రకం ఐపీవీ4, కొత్త రకం ఐపీవీ6. డీఎన్‌ఎస్ మార్చినవారిలో చాలామంది ఐపీవీ4కే మారుస్తారు. అదే అడాప్టర్‌కు ఐపీవీ6 కూడా ఉంటే, దాని డీఎన్‌ఎస్ రౌటర్ నుంచి విడిగా వస్తుంది. రెండూ ఉన్నప్పుడు ప్రశ్న ఎటు వెళ్తుందన్నది సిస్టమ్ ఇష్టం. పరీక్షించే వెబ్‌సైట్ ఇంటర్నెట్ కంపెనీ సర్వర్‌నే చూపిస్తుంది, యూజర్ సెట్టింగ్ పోయిందనుకుంటారు. బ్రౌజర్లు సొంతంగా వాడే గుప్త డీఎన్‌ఎస్ కూడా ఇలాంటి తికమకే పెడుతుంది. ఇక ఐపీవీ6 అడ్రస్ చివరి భాగం మారుతుండటం గోప్యత కోసం ఉద్దేశపూర్వకంగా పెట్టినదే.

మదర్‌బోర్డు మీది 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్‌లో మరో రకం భ్రమ. ప్లగ్ తీసి పెట్టినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఐపీ, డీఎన్‌ఎస్ అన్నీ సరిగా ఉన్నా సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, ఎందుకంటే ఆ తేదీకి వాటి సర్టిఫికెట్లు (సైట్ అసలైనదేనని చెప్పే డిజిటల్ పత్రాలు) ఇంకా పుట్టలేదు. బయోస్‌లోని వేక్ ఆన్ లాన్ వంటి ఎంపికలూ అదే దెబ్బకు మొదటికి వెళ్లొచ్చు.

తేల్చుకునే క్రమం

సమస్య వచ్చినప్పుడు కంప్యూటర్‌నూ రౌటర్‌నూ ఒకేసారి ఆపి ఆన్ చేయడం అందరికీ అలవాటు. కారణం వెతకడానికి అంతకంటే చెడ్డ పద్ధతి లేదు. ముందు కంప్యూటర్‌ను మాత్రమే రీస్టార్ట్ చేయాలి, రౌటర్ జోలికి పోకూడదు. సెట్టింగ్ పోతే లోపం ఎక్కువగా కంప్యూటర్‌లోనే ఉంటుంది. పోకపోతే రౌటర్‌ను మాత్రమే రీస్టార్ట్ చేసి చూడాలి. ఇంట్లో మిగిలిన పరికరాలకూ అదే జరుగుతోందా అన్నది ఈ దశలోనే తెలిసిపోతుంది.

కంప్యూటర్ వైపే అని తేలితే మూడుసార్లు స్థితిని నమోదు చేయాలి: రీస్టార్ట్‌కు ముందు, లాగిన్ అయిన వెంటనే, పది నిమిషాల తర్వాత. విండోస్‌లో ‘ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్’ ఇచ్చే సమాచారాన్ని ఫైల్లోకి పంపితే చాలు. లాగిన్ వెంటనే తప్పుగా ఉంటే బూట్‌లోనే జరిగింది. అప్పుడు సరిగా ఉండి తర్వాత మారితే స్టార్టప్ ప్రోగ్రామ్‌లు, వీపీఎన్, పాలసీల వైపు చూడాలి. నెట్‌వర్కింగ్‌తో సేఫ్ మోడ్‌లో బూట్ చేస్తే సెట్టింగ్ నిలుస్తోందా? నిలిస్తే మూడో పక్షం ప్రోగ్రామ్ పాత్ర దాదాపు ఖాయం. మైక్రోసాఫ్ట్‌వి కాని సర్వీసులను సగం సగంగా ఆపుతూ వెళ్తే నాలుగైదు రీస్టార్ట్‌లలో అది దొరుకుతుంది. ఓపిక ఉన్నవారికి ప్రాసెస్ మానిటర్‌లోని బూట్ లాగింగ్ ఉంది; ఏ ప్రోగ్రామ్ రిజిస్ట్రీలో ఏ విలువ ఎప్పుడు రాసిందో పేరుతో సహా చూపిస్తుంది. ప్రైవేట్, పబ్లిక్ గందరగోళానికి ఈవెంట్ వ్యూయర్‌లోని నెట్‌వర్క్‌ప్రొఫైల్ లాగ్ సరిపోతుంది. లినక్స్‌లో ‘జర్నల్‌కంట్రోల్ డ్యాష్ బీ’ ఈ బూట్‌లో నెట్‌వర్క్ సర్వీసులు చేసిన పనిని వరుసగా చెబుతుంది.

విండోస్‌లో ‘నెట్‌వర్క్ రీసెట్’ అనే బటన్‌ను చివరికి ఉంచుకోవాలి. అది అడాప్టర్లన్నిటినీ తొలగించి మళ్లీ పెడుతుంది. వీపీఎన్‌లు, వర్చువల్ స్విచ్‌లు మళ్లీ అమర్చుకోవలసి రావచ్చు. తిరగరాసే ప్రోగ్రామ్ అలాగే ఉంటే తర్వాతి రీస్టార్ట్‌కు సమస్య ఎలాగూ తిరిగొస్తుంది.

అడ్రస్ ఎక్కడ ఉండాలి

ప్రింటర్, ఫైల్ సర్వర్, దూరం నుంచి వాడే కంప్యూటర్ వంటివాటికి మారని అడ్రస్ కావాలి. దాన్ని పరికరంలోనే రాయడం కంటే రౌటర్‌లో రిజర్వ్ చేయడం చాలా ఇళ్లకు మంచిది. ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ వేసినా, కంప్యూటర్ ఆటోమేటిక్ పద్ధతిలో అడుగుతున్నంతవరకూ అడ్రస్ అదే వస్తుంది. అన్నీ ఒకే జాబితాలో కనిపిస్తాయి కాబట్టి రెండు పరికరాలు ఒకే అంకెకు పోటీ పడవు. దీనికి రెండు షరతులు. ఆ పరికరంలో ఇంటి వైఫై వరకైనా కల్పిత మ్యాక్ అడ్రస్‌ను ఆపాలి. రౌటర్ సెట్టింగ్‌ల బ్యాకప్ ఫైలు ఒకటి కంప్యూటర్‌లో దాచాలి, ఎందుకంటే రౌటర్ మారిన రోజు ఆ జాబితా దానితోనే పోతుంది.

రౌటర్ మీద అధికారం లేని ఇళ్లలో, అంటే కంపెనీ పెట్టెలో రిజర్వేషన్ పేజీయే కనిపించనప్పుడు, పరికరంలో రాయక తప్పదు. అప్పుడు రౌటర్ పంచే శ్రేణి ఏమిటో చూసి దానికి బయట అంకె ఎంచుకోవాలి. శ్రేణి 192.168.1.100 నుంచి 192.168.1.200 వరకైతే 192.168.1.20 వంటిది, అది రౌటర్‌కో మరో పరికరానికో ముందే ఇచ్చినది కానంతవరకూ, సురక్షితం. గేట్‌వే గడి నింపాలి, ఐపీవీ6 డీఎన్‌ఎస్ కూడా అప్పుడే ఇవ్వాలి.